బాలల యుద్ధకథలు - పదసంపద
(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామమున గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచియుండుట సామాన్య విషయము కాదు. దీపము వెలిగించుట సులభము. దినదినము నూనె పోయుచుండుట కష్టము. ఆ నూనె పోసినవారందరికిని ముందుగా కృతజ్ఞత తెలుపుచున్నాను. ఇట్టి సభలలో గ్రంథాలయోద్యమ చరిత్రను చెప్పుట ఆచారము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసిన కథలు మీరు పలుమారులు వినియున్నారు. కావున నేడు వానిని విడిచి, ఇచటికి వచ్చు బాలబాలికలకు పనికివచ్చు ఒక చిన్న విషయమును ఎత్తుకొందును. క్రొత్త మాటలు నేర్చుకొనుట యెట్లు? రెండవ ప్రపంచ యుద్ధకాలమున పరాయి సైన్యములను ఎదిరించిన ప్రజలను గూర్చి పిల్లల కొరకు వ్రాసిన నవలలు అందుకు ఎట్లు తోడ్పడును? ఇదియే నా విషయము.

మన పిల్లలు పరీక్షలకు మాటల పట్టికలను వల్లె వేయుదురు. ఎడమవైపున ఆంగ్లపదము, కుడివైపున తెలుగు అర్థము. రాత్రి పదిసార్లు చదివినది ఉదయము పరీక్షలో వచ్చును. వేసవి సెలవులు ముగియునప్పటికి నూటికి పది మాటలైనను మిగులవు. ఇది పిల్లల మందబుద్ధి కాదు. మనలో ఎవరమును "నాగలి" అను మాటను నిఘంటువులో చూచి నేర్చుకొనలేదు. ఆ మాట వస్తువుతో, మట్టివాసనతో, తండ్రి కంఠముతో కలిసి మన చెవిని పడినది. అందుచేత అది పోదు. కంటితో చూడలేని సంగతులకు, మన ఊరికి రాని అనుభవములకు, ఆ మట్టివాసనను ఇయ్యగలది కథ యొక్కటే.

కథలన్నిటిలో యుద్ధకాలపు ప్రతిఘటన కథలనే నేనేల ఎన్నుకొంటిని? అట్టి కాలమున మాటకు ప్రాణముతో పని యుండును. ఒక మాట అర్థమైనవాడు తప్పించుకొనును. అర్థము కానివాడు చిక్కును. పత్రము మీద "తనఖా" అని యున్నదో, "విక్రయము" అని యున్నదో తెలియక వ్రేలిముద్ర వేసిన రైతు గతి యేమగునో ఈ సభలోని పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. యుద్ధకాలమున ఆ పొరపాటునకు పొలము కాదు, మనిషియే పోవును. అందుచేత ఆ కథలలో నేర్చిన మాట పిల్లవాని మనస్సులో బరువుతో దిగును.

ఉదాహరణముగా ఒక పుస్తకమును తీసికొందము. అమెరికా రచయిత్రి లోయిస్ లౌరీ 1989లో ప్రకటించిన "నంబర్ ది స్టార్స్" అను నవల అది. 1990లో దానికి న్యూబెరీ పతకము వచ్చెను. కథాస్థలము డెన్మార్కు. 1940 ఏప్రిల్ 9న జర్మను సైన్యములు ఆ చిన్న దేశమును ఆక్రమించినవి. మూడేండ్ల పైచిలుకు అక్కడి ప్రభుత్వము ఎట్లో నెట్టుకొని వచ్చినది. 1943 ఆగస్టు 29న అది పదవి విడిచెను. ఆ దినముననే డేనులు తమ యుద్ధనౌకలు శత్రువుల చేతికి చిక్కకుండ వానిని తామే ముంచివేసికొనిరి. అటుపిమ్మట జర్మనులు అచటి యూదులను పట్టుకొనిపోవుటకు నిశ్చయించిరి. జర్మను దౌత్యకార్యాలయముననే పనిచేయుచుండిన డక్విట్జ్ అను అధికారి ఆ రహస్యమును డేనిష్ నాయకులకు ముందుగా తెలిపెను. సెప్టెంబరు 29 ఉదయమున మార్కస్ మెల్కియోర్ అను మతగురువు ప్రార్థనామందిరమున ఆ వార్త చెప్పి, అందరిని వెంటనే దాగుకొనుడని హెచ్చరించెను. అక్టోబరు 1వ తేది రాత్రి సైనికులు తలుపులు తట్టునప్పటికి ఇండ్లు చాలవరకు ఖాళీ. పొరుగువారు, వైద్యులు, మతాచార్యులు, జాలరులు కలిసి 7,200 మందికి పైగా యూదులను, వారితో సుమారు 700 మంది యూదేతర బంధువులను చేపలపడవలలో సముద్రపాయ దాటించి స్వీడనుకు చేర్చిరి. అందరిని కాపాడలేకపోయిరి. గిల్లెలై అను జాలరిపల్లెలో చర్చి అటక మీద దాగిన సుమారు 80 మంది పట్టుబడిరి. మొత్తము మీద సుమారు 470 మందిని థెరీసియన్‌స్టాట్ నిర్బంధ శిబిరమునకు కొనిపోయిరి.

ఈ చరిత్రలో లౌరీ పదేండ్ల బాలికను ఒకతెను నిలిపినది. ఆమె పేరు ఆనెమరీ. ఆమె స్నేహితురాలు ఎలెన్ యూదుల బిడ్డ. బడినుండి పరుగుపందెము పెట్టుకొని ఇంటికి వచ్చుచున్న ఈ పిల్లలను వీధిమొగలో సైనికులు ఆపుటతో కథ మొదలగును. ఇక ఈ కథలో ఎదురగు మాటలను కొన్నింటిని చూతము.

మొదటిది "ఆక్యుపేషన్". మన పిల్లలకు ఈ మాట దరఖాస్తు కాగితముల మీద పరిచయము. అచట దానికి వృత్తి యని అర్థము. తండ్రి వృత్తి వ్యవసాయము అని నింపుదురు. ఈ కథలో అదే మాటకు ఆక్రమణ యని అర్థము. ఒకే మాటకు రెండర్థములున్నవని వ్యాకరణము చెప్పిన మరచిపోదురు. వీధిలో తుపాకితో నిలిచిన పరాయి సైనికుడు చెప్పిన మరువరు. ఊరి పోరంబోకును ఒకడు కంచె వేసి కలుపుకొన్నచో మనమును ఆక్రమణ యనియే అందుము. ఒక దేశమునకు దేశమునే అట్లు కంచె వేసినారని చెప్పిన ఏడవ తరగతి బాలునికి వేరే వ్యాఖ్యానమక్కరలేదు.

రెండవది "కర్ఫ్యూ". ఇది ఇప్పుడు తెలుగు పత్రికలలో తెలుగుమాటయే అయినది. దీని పుట్టుక వినదగినది. పాత ఫ్రెంచి భాషలో నిప్పు కప్పుట అని దీని అర్థము. ఐరోపాలో కొయ్యయిండ్లు అంటుకొనునను భయముచేత మధ్యయుగములందు రాత్రివేళ గంట కొట్టెడివారు; ఆ గంట విని అందరును పొయ్యిలోని నిప్పును కప్పి పడుకొనవలెను. కట్టెపొయ్యి ఎరిగిన మన అవ్వలు మరునాటి కొరకు నిప్పును నివురుతో కప్పుట ఎరుగుదురు. "నివురు గప్పిన నిప్పు" అను నానుడి అందుండియే వచ్చినది. చిత్రమేమనగా, ఆ నానుడి డేనుల స్థితికి సరిగా సరిపడును. పైకి చూచిన బూడిద, లోపల నిప్పు.

ఆ నిప్పు పేరే మూడవ మాట, "రెసిస్టెన్స్". మనము ప్రతిఘటన అనుచున్నాము. డేనిష్ భాషలో దీనిని "మోడ్‌స్టాండ్" అందురు. మోడ్ అనగా ఎదురు, స్టాండ్ అనగా నిలుపు. మన "ఎదురు నిలుచుట" అను మాటకును దానికిని వెంట్రుకవాసి భేదము లేదు. లాటిను నుండి వచ్చిన ఆంగ్లపదములో సయితము నిలుచుట అను ధాతువే యున్నది. దూరదేశములవారు, వేరువేరు భాషలవారు, ఈ యొక్క భావమునకు ఒకే బొమ్మను గీసికొనిరి: పరుగెత్తని మనిషి బొమ్మను. ఈ నవలలో పీటర్ అను యువకుడు ఆ దళములో నుండును. అతడు "స్వేచ్ఛా డేనులు" అను అర్థము గల పేరుతో రహస్యముగా అచ్చగుచుండిన పత్రికను తెచ్చి ఆనెమరీ తలిదండ్రులకిచ్చును. వారు చదివి కాల్చివేయుదురు. ఆ పత్రిక కల్పన కాదు, నిజముగా నుండినదే. మన గ్రంథాలయపు బల్లమీద పత్రికలు పరచియుండును. ఎవరైనను వచ్చి చదువవచ్చును. పత్రికను చదివి కాల్చవలసిన దినములు మానవులకు వచ్చినవని తెలిసిన బాలుడు "చట్టవిరుద్ధము" అను మాటను గూర్చి రెండుమారులు ఆలోచించును. చట్టము ఎవరిది, ఎవరి కొరకు అని అడుగును.

"రేషనింగ్" అను మాటకు ఈ కథలో ఒక జత చెప్పులు అర్థము చెప్పును. తోలు దొరకక చేపచర్మముతో చేసిన చెప్పులను తల్లి తెచ్చినందుకు ఆనెమరీ చెల్లెలు ఐదేండ్ల కిర్‌స్టి ఏడ్చును. కొరత యను మాటను ఇంతకంటె సూటిగా ఏ నిఘంటువు చెప్పగలదు?

"సాబటాజ్" అనునది మరియొకటి. శత్రువునకు ఉపయోగపడు కర్మాగారములను, రైలుమార్గములను రహస్యముగా పాడుచేయుట. దీని మూలము "సాబో" అను ఫ్రెంచి మాట. సాబో అనగా కొయ్యను తొలిచి చేసిన పాదరక్ష. మన పావుకోళ్లకు దూరపు చుట్టము. కార్మికులు ఈ కొయ్యచెప్పులను యంత్రములలో పడవేసిరని ఒక కథ ప్రచారములో నున్నది గాని దానికి ఆధారము లేదు. మాటల పుట్టుకను గూర్చిన కథలలో ఇంపైనవన్నియు నిజములు కావని కూడ పిల్లలు ఈ సందర్భముననే నేర్చుకొనవలెను.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట "రీలొకేషన్". స్థలము మార్చుట అని దాని యర్థము. వినుటకు ఎంత మెత్తని మాట! ఇల్లు మారుచున్నాము, బడి మారుచున్నాము అన్నంత తేలిక. యూదులను కొనిపోవుటకు జర్మనులు పెట్టిన పేరది. దాని వెనుక రైలుపెట్టెలు, ముండ్లకంచెలు, మరణశిబిరములు ఉన్నవి. ఐరోపాలో సుమారు అరువది లక్షల యూదులు ఇట్టి మెత్తని మాటల మాటున చంపబడిరి. నవలలో ఆనెమరీ తండ్రికి ఆ మాట వెనుకనున్నది పూర్తిగా తెలియదు; అది తప్పు అని మాత్రము తెలియును. అయ్యా, నేను ఈ సభలో చెప్పదలచిన ప్రధాన విషయమిదియే. పదసంపద యనగా ఎక్కువ మాటలు తెలియుట మాత్రమే కాదు. ఒక మాట దేనిని చూపుచున్నదో, దేనిని దాచుచున్నదో తెలియుట. "తరలింపు", "సర్దుబాటు", "ప్రత్యేక చర్య" అను మాటలు వినబడినప్పుడు, ఎవరిని, ఎక్కడికి, ఎవరి ఇష్టముతో అని అడుగగల పిల్లవాడు మాటలు నేర్చినవాడు. తక్కినవాడు పట్టిక వల్లె వేసినవాడు.

మాట ఇట్లు అబద్ధమాడుటకు పనికివచ్చినట్లే, ప్రాణము కాపాడుటకును పనికివచ్చును. రాత్రివేళ సైనికులు ఇంటిలోనికి వచ్చినప్పుడు, ఆనెమరీ తన స్నేహితురాలి మెడలోని దావీదు నక్షత్రపు గొలుసును తెంచి పిడికిట దాచును. వారు పోవునప్పటికి నక్షత్రపు ముద్ర అరచేతిలో పడియుండును. ఎలెన్ ఆ రాత్రి చనిపోయిన పెద్దక్క పేరుతో ఆ యింటి బిడ్డ యగును. తరువాత జాలరియైన మేనమామ ఇంటిలో లేని ముసలమ్మకు శవపేటిక వచ్చును. అందు ఉన్నవి దుప్పట్లు, చలిబట్టలు. ఈ ఘట్టములను చదివిన పిల్లలు మారుపేరు, నటన, రహస్యము అను మాటలను ఎన్నడును మరువరు. మన భారతములో పాండవులు విరాటుని కొలువున గడపిన ఏడాదికి మనము "అజ్ఞాతవాసము" అని పేరు పెట్టుకొన్నాము. హాలెండు ప్రజలు ఆ యుద్ధకాలమున అట్లు దాగినవారిని "మునిగినవారు" అను అర్థము గల మాటతో పిలిచిరి. నీటిలో మునిగి ఊపిరి బిగబట్టినవాని చిత్రమది. రెండు మాటలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన, పిల్లవానికి రెండును వెలుగును.

చివరకు ఆనెమరీ ఒక బుట్టలో రొట్టె, జున్ను క్రింద చిన్న పొట్లము దాచుకొని, తెల్లవారకముందే అడవిదారిన పడవ దగ్గరకు పరుగెత్తును. కుక్కలతో సైనికులు అడ్డగింతురు. ఆమె ఏమియు తెలియని చిన్నపిల్లవలె మాటలాడి తప్పించుకొనును. పొట్లములోనున్నది ఒక చేతిరుమాలు మాత్రమే. కుందేలు రక్తపు పొడి, కొకెయిను కలిపి పూసిన రుమాలు. దానిని వాసన చూచిన కుక్కకు పడవలో దాగినవారి వాసన తెలియదు. ఇట్టి రుమాళ్లను నాటి పడవవారు వాడిరని రచయిత్రి కథ తరువాత వ్రాసిన మాటలో తెలిపినది. పని ముగిసిన పిమ్మట, తాను భయపడినందున ధైర్యవంతురాలను కానేమోనని బాలిక సంశయించును. అపాయమును తలచుకొనుచు నిలువక చేయవలసిన పనిని చేయుటయే ధైర్యమని మేనమామ ఆమెకు తెలుపును. ధైర్యమను మాట మనకు క్రొత్తది కాదు. తెలిసిన మాటకే లోతు తెలియుట కూడ క్రొత్త మాట నేర్చుకొనుటయే.

ఇట్టివే మరి రెండు పుస్తకములను పేర్కొందును. ఆంగ్లేయుడు ఇయన్ సెరాయిలియర్ 1956లో ప్రకటించిన "ది సిల్వర్ స్వోర్డ్" పోలండు పిల్లల కథ. తలిదండ్రులను సైనికులు కొనిపోగా, వార్సా నగరపు శిథిలములలో రూత్ అను బాలిక నేలమాళిగలో పిల్లలను చేర్చి బడి నడపును. ఆ కల్పనకు చరిత్ర తోడున్నది. ఆక్రమణ కాలమున పోలండులో పై తరగతుల చదువును జర్మనులు నిషేధించిరి. ఉపాధ్యాయులు ఇండ్లలో చిన్న చిన్న గుంపులుగా రహస్యముగా పాఠములు చెప్పిరి. బడి యను మాట మనకు ప్రతిదినము వినబడునది. ప్రాణమునకు తెగించి పోవలసిన చోటుగా ఆ మాటను ఒకమారు చూచిన పిల్లవాడు మరునాడు బడికి మరియొక విధముగా పోవును.

రెండవది, 1942లో మేరీ మెక్‌స్విగన్ అను అమెరికా రచయిత్రి ప్రకటించిన "స్నో ట్రెజర్". నార్వే పిల్లలు మంచుమీద జారు బండ్లలో బంగారపు కడ్డీలను దాచి సైనికుల కన్నుల యెదుటనే ఓడకు చేర్చిన కథ. ఈ దేశమునుండియే "క్విస్లింగ్" అను మాట లోకమునకు వచ్చినది. 1940లో శత్రువులు దిగిన దినముననే రేడియోలో తానే ప్రభుత్వాధిపతినని ప్రకటించుకొన్న విడ్కున్ క్విస్లింగ్ అను నార్వే వాని పేరు అది. 1945లో అతనికి మరణశిక్ష యమలు జరిగినది. పేరు మాత్రము దేశద్రోహికి పర్యాయపదమై నిలిచినది. మనము తిండిపోతును బకాసురుడనియు, నిద్రపోతును కుంభకర్ణుడనియు అనుట లేదా? అట్లే. పేరు మాటగా మారుట ఒక విధమైన తీర్పు. అది ఏ న్యాయస్థానమును ఇయ్యజాలని తీర్పు.

ఇచట ఒక హెచ్చరిక. కథను కథగా, చరిత్రను చరిత్రగా ఎరుగవలెను. డెన్మార్కు రాజు పదవ క్రిస్టియను యూదులకు సానుభూతిగా తానును పసుపుపచ్చ నక్షత్రమును ధరించెనని ఒక కథ లోకమంతట తిరిగినది. అది నిజము కాదు; డెన్మార్కులో యూదులను ఆ గురుతు ధరింపుమని ఎన్నడును నిర్బంధింపలేదు. ఆయన అంగరక్షకులు లేక గుర్రమెక్కి రాజధాని వీధులలో తిరిగెడివాడనుట మాత్రము నిజము. నిజమే చాలినంత గొప్పదైనప్పుడు దానికి పూత పూయనక్కరలేదు.

ఇక ఆచరణకు వత్తము. ఈ పుస్తకములు ఆంగ్లమున నున్నవి గదా, మన ఊరిలో ఎట్లు చదువుట అని అడుగవచ్చును. వారమునకొక సాయంకాలము పది పన్నెండుగురు పిల్లలు ఇచట కూడవలెను. ఆంగ్లము తెలిసినవారొకరు ఒక ప్రకరణమును చదివి, దానిని తెలుగులో చెప్పవలెను. తెలియని మాట రాగానే నిఘంటువునకు పరుగెత్తరాదు. ముందు వెనుకల వాక్యములను బట్టి ఊహింపవలెను. ఊహించిన అర్థమును నోటుపుస్తకమున వ్రాసికొని, ప్రకరణము ముగిసిన పిమ్మట నిఘంటువు తీసి సరిచూచుకొనవలెను. ఊహ తప్పినను నష్టము లేదు. తప్పిన ఊహ సరియైన అర్థమును గట్టిగా అంటిపెట్టుకొనునట్లు చేయును. తరువాత ఆ మాటకు తెలుగుమాటను వెదకవలెను. ఒకటి దొరకకున్న రెండు మూడు మాటలతో చెప్పవలెను. కడపట ఆ మాటతో తన ఊరిని గూర్చి, తన యింటిని గూర్చి ఒక వాక్యము స్వయముగా వ్రాయవలెను. వారమునకు ఐదు మాటలు ఇట్లు వచ్చినను ఏడాదికి రెండువందల అరువది. అవి ఒక మనిషి ఆలోచనను మార్చుటకు చాలును.

ఇంకొక పని. ఆ యుద్ధపు నీడ మన తీరమున కూడ పడినది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను బాంబులు వేసినవి. నాటి సంగతులు తాతలు తండ్రులకు, తండ్రులు బిడ్డలకు చెప్పగా కొన్ని యిండ్లలో ఇంకను మిగిలియుండవచ్చును. అటులనే స్వాతంత్ర్యోద్యమము మన పల్లెలకు "సత్యాగ్రహము", "సహాయ నిరాకరణము" అను మాటలను తెచ్చినది. పుస్తకములో చదివిన మాటను చేతబట్టుకొని పిల్లలు ఇంటిలోని పెద్దలను అడుగవలెను. అట్లు అడిగినప్పుడు ఏ గ్రంథాలయమునను లేని పుస్తకములు తెరచుకొనును.

తలిదండ్రులకు ఒక మనవి. యుద్ధపు కథలు పిల్లలకేల, భయపడుదురేమో అని మీకు తోచవచ్చును. ఈ నవలలలో హింసను కన్నులయెదుట కుప్పపోయలేదు. ఒక సామాన్య కుటుంబము, ఒక జాలరి, ఒక బడిపిల్ల, పొరుగువాని కొరకు ఏమి చేసిరో చెప్పినారు. లౌరీ తన పుస్తకపు తుది మాటలో కిమ్ మాల్టే-బ్రూన్ అను డేనిష్ యువకుని తలచుకొన్నది. ప్రతిఘటన దళములో చేరినందుకు 1945 ఏప్రిల్‌లో, దేశము విముక్తి చెందుటకు నెల దినములైనను లేనప్పుడు, ఇరువదియొక్కటవ యేట అతనిని కాల్చి చంపిరి. చనిపోవుటకు ముందతడు తల్లికి ఉత్తరము వ్రాసెను. మన పిల్లలు అట్టివారిని ఎరుగుట వలన భయపడరు. మనుష్యుడనగా ఎవడో తెలిసికొందురు.

పొరుగువాడు అను మాటకు మన నిఘంటువులు ప్రక్క యింటివాడని అర్థము చెప్పును. 1943లో డెన్మార్కు ప్రజలు ఆ మాటకు ఇంకొక అర్థము వ్రాసిరి. ఆ అర్థము ఎరిగిన బాలబాలికలను ఈ గ్రంథాలయము ఇకముందును తయారుచేయుగాక యనియు, స్వర్ణోత్సవ సభలో ఈ వేదికమీద నేటి పిల్లలే నిలిచి మాటలాడుదురుగాక యనియు కోరుచున్నాను.